ఆకు మీద గీత, లోపల పురుగు

పులివెందుల, లింగాల, సింహాద్రిపురం పక్క చీనీ తోటల్లో బెట్ట తీసి నీళ్ళు పెట్టిన కొన్నాళ్ళకే చెట్టు నిండా లేత చిగురు వస్తుంది. ఆ ఆకులు పూర్తిగా విచ్చుకోకముందే కొన్నిటి మీద వెండి రంగు గీతలు వంకర్లు తిరుగుతూ కనబడతాయి. ఆకు అంచు లోపలికి ముడుచుకుంటుంది. ఇటు జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల కూరగాయ మళ్ళలో చూస్తే టమోటా, అలసంద, బీర ఆకుల మీద, గట్టు మీది ఆముదం ఆకుల మీద తెల్లటి గీతలు. పైపైన చూస్తే రెండు చోట్లా ఒకటే రోగం అనిపిస్తుంది. రైతు ఆకు తెంపుకొని మందుల అంగడికి పోయి, "అన్నా, ఆకు మీద గీతలు పడినాయి, ఏం కొట్టాల?" అని అడుగుతాడు. చాలాసార్లు రెంటికీ ఒకే సీసా చేతికొస్తుంది.

ఆ రెండు గీతలు గీసిన జీవులు మాత్రం వేరు. చీనీ ఆకులో ఉన్నది రెక్కల పురుగు పిల్ల. ఆముదం ఆకులో ఉన్నది ఈగ పిల్ల. వాటి బతుకు తీరు వేరు, ప్యూపా దశ గడిపే చోటు వేరు, వాటిని చంపే శత్రువులు కూడా చాలావరకు వేరు. కాబట్టి మనం చేయాల్సిన పనీ వేరే. ఈ తేడా పట్టుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం, పొద్దుటి ఎండ, కాస్త ఓపిక ఉంటే చాలు. ఈ పూట ఆ చూసే పద్ధతి చెబుతాను.

ఆకుకు పైన ఒక పొర, కింద ఒక పొర ఉంటాయి. నడుమ పచ్చటి కండ. ఈ రెండు పొరల మధ్య దూరి, బయటికి రాకుండా తింటూ పెరిగే పురుగులు నాలుగు రకాల వంశాల్లో ఉన్నాయి. ఈగలు, రెక్కల పురుగులు, పెంకు పురుగులు, రంపపు ఈగలు అనే కందిరీగల చుట్టాలు. నాలుగో రకంతో మనకు పని తక్కువ. పెంకు పురుగుల సంగతి కేసీ కాలువ కింద వరి వేసే ప్రొద్దుటూరు రైతులకు బాగా తెలుసు. తాటాకు తెగులు అని మనం పిలిచే హిస్పా అదే. పెద్ద పురుగు ఆకు పైన గీకి తింటుంది, దాని పిల్ల ఆకు పొరల నడుమ చేరి తింటుంది. మిగిలిన రెండు వంశాలు, రెక్కల పురుగు, ఈగ. తికమక అంతా వీటి దగ్గరే.

ముందు చీనీ ఆకును తీసుకుందాం. చిగురు కొమ్మ చివర నుంచి గీత పడిన లేత ఆకు ఒకటి తెంపండి. వెనక్కి తిప్పి ఎండకు అడ్డం పెట్టి చూడండి. ఈనె పక్కన ఎక్కడో సన్నగా మొదలైన గీత పోను పోను వెడల్పవుతూ, ఆకంతా తిరిగి, చివరికి అంచుకు చేరుతుంది. గీతకు ఆ వెండి మెరుపు ఎందుకంటే, పైపొర కండ నుంచి విడిపోయి కిందికి గాలి చేరింది. ఇప్పుడు భూతద్దం దగ్గర పెట్టి గీత నడుమ చూడండి. నల్లటి సన్నని దారం పరిచినట్టు ఒకే వరసలో పురుగు విసర్జన ఉంటుంది. చీనీ పురుగును గుర్తుపట్టడానికి ఇదే మొదటి ఆనవాలు. ఆ దారం వెంట పోతే గీత వెడల్పైన కొసలో పురుగు కనబడుతుంది. మూడు మిల్లీమీటర్లు ఉంటుందేమో. లేత పసుపుపచ్చ రంగు, ఆకుకు అతుక్కున్నట్టు చదునైన ఒళ్ళు. దానికి కాళ్ళు లేవు. కాళ్ళు లేవు కాబట్టి ఇది ఈగ పిల్లే అని తేల్చేయకండి. చాలామంది పొరబడేది ఇక్కడే. తల చూడండి. చదునుగా, లేత గోధుమ రంగులో తల ఉంటుంది. దవడలతో పొర కింది కణాలను కోసి ఆ రసం తాగుతుంది తప్ప ఆకు కండను నమిలి తినదు. అందుకే గీత పడిన చోట కూడా ఆకు చాలాకాలం పచ్చగానే ఉంటుంది.

బాగా ఎదిగాక ఈ పురుగు తినడం మానేసి ఆకు అంచుకు చేరుతుంది. అక్కడ పట్టు వడికి అంచును తన మీదికి మడుచుకొని, ఆ మడతలోనే ప్యూపాగా మారుతుంది. మనం చూసే ఆకుముడత ఇదే. గోటితో ఆ మడత విప్పితే లోపల గోధుమ రంగు ప్యూపా, కొన్నిసార్లు ఖాళీ గూడు కనబడతాయి. అందులోంచి వచ్చే రెక్కల పురుగు ఎంత చిన్నదంటే, రెక్కలు చాచినా నాలుగు మిల్లీమీటర్ల చుట్టే. వెండి తెలుపు రంగు, రెక్క కొసన ఒక నల్ల చుక్క. పగలంతా చెట్టు లోపలి కొమ్మల్లో దాక్కుంటుంది, సందె పడ్డాక, తెల్లవారుజామున ఎగురుతుంది. అందుకే తోటలో పుట్టి పెరిగిన రైతు కూడా దాన్ని చూసి ఉండకపోవచ్చు. శాస్త్రవేత్తలు దీన్ని ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా అంటారు. కలకత్తా నుంచి వెళ్ళిన నమూనాలను చూసి 1856లో ఇంగ్లండులో స్టెయింటన్ అనే పండితుడు ఆ పేరు పెట్టాడు. అంటే ఇది ఎక్కడి నుంచో ఊడిపడిన పురుగు కాదు, మన ఆసియా నిమ్మజాతి చెట్లతోపాటే ఉంటూ వచ్చింది. అదే పురుగు 1993లో అమెరికాలోని ఫ్లోరిడాకు, స్పెయిన్‌కు చేరి, కొద్ది ఏళ్ళలోనే అక్కడి తోటలన్నిటికీ పాకింది.

ఇక ఆముదం ఆకు. గట్టు మీది చెట్టు నుంచి ఒక ఆకు కోసి అదే ఎండకు పెట్టండి. ఇక్కడ గీత ఎక్కువగా ఆకు పైవైపున ఉంటుంది. చీనీలో ఉన్న మెరుపు దీనికి ఉండదు, పాలిపోయిన తెలుపు. కారణం, ఈ పిల్ల పొర కిందనున్న పచ్చటి కండనే తినేస్తుంది. భూతద్దంలో విసర్జన వరస చూడండి. నడుమ ఒకే దారం ఉండదు. ఒకసారి ఎడమ అంచున, ఒకసారి కుడి అంచున, విడివిడి నల్లటి ముక్కలుగా పడి ఉంటుంది. ఈగ పిల్ల పక్కకు ఒరిగి పడుకొని తింటూ, మధ్యమధ్య అటునుంచి ఇటు ఒళ్ళు తిప్పుకుంటుంది. అందుకే విసర్జన రెండు పక్కలా పడుతుంది. గుండుసూదితో పైపొర చీల్చి పిల్లను తెల్ల కాగితం మీద పెడితే, పసుపు రంగు మెత్తటి ఒళ్ళు కనబడుతుంది. తల అంటూ ఉండదు. ముందుకొసలో నల్లటి చిన్న కొక్కేలు ముందుకూ వెనక్కూ ఆడుతుంటాయి. ఆ కొక్కేలే దాని నోరు. ఆ కదలిక ఒకసారి చూస్తే ఇక మరచిపోరు.

గీతలే కాదు, ఆ ఆకు మీద మిగతా చోట్ల కూడా చూడండి. సూదితో గుచ్చినట్టు తెల్లటి చుక్కలు చాలా ఉంటాయి. తల్లి ఈగ ఆకును గుచ్చి కొన్ని చోట్ల గుడ్డు పెడుతుంది, మిగతా చోట్ల ఊరిన రసం తాగుతుంది. మగ ఈగకు గుచ్చే సాధనం లేదు. ఆడది చేసిన చిల్లుల దగ్గరికే వచ్చి తాగుతుంది. చీనీ ఆకు మీద ఇలాంటి చుక్కలు ఉండవు. పిల్ల ఎదిగాక ఆకులో ఉండదు. పొరను చీల్చుకొని కింద పడి, మట్టిలో గోధుమ రంగు గింజ లాంటి ప్యూపాగా మారుతుంది. మన వేడిలో గుడ్డు నుంచి ఈగ దాకా రెండు మూడు వారాల పని. ఈగ రెండు మిల్లీమీటర్లు, పసుపు నలుపు కలిసిన ఒళ్ళు, వీపు చివర పసుపు మచ్చ.

దీని పేరు లిరియోమైజా ట్రైఫోలీ. ఇది మాత్రం బయటి నుంచి వచ్చిందే. అమెరికాలో పుట్టి, చామంతి మొక్కల కొమ్మలతో దేశదేశాలకు పాకింది. మన దేశంలో 1990-91 ప్రాంతంలో కనబడింది. హైదరాబాదులో ఆముదం మీద చూసిన శాస్త్రవేత్తలే ముందుగా గుర్తించారు. ఇప్పుడు పత్తి, టమోటా, అలసంద, దోస, బీర, చామంతి, ఇలా లెక్కలేనన్ని పంటల మీద బతుకుతోంది. ఈ ఈగ ఉన్న కుటుంబంలో మనకు తెలిసిన మరి రెండు ఉన్నాయి. కందికాయలో గింజను తినే ఈగ ఒకటి, మినుము, అలసంద మొలకల కాండంలో దూరి మొక్కను చంపే ఈగ ఇంకొకటి. జమ్మలమడుగు, పెద్దముడియం నల్లరేగళ్ళలో శనగ వేసే రైతులకు ఒక మాట. శనగ ఆకులు తొలిచే వీటి చుట్టం ఒకటి సిరియా, టర్కీ వైపు పెద్ద నష్టం చేస్తుంది. మన శనగలో మన బాధ పచ్చపురుగే.

టమోటా దగ్గర ఇంకో చిక్కు ఉంది. 2014లో మహారాష్ట్రలో టూటా అబ్సొల్యూటా అనే దక్షిణ అమెరికా పురుగు బయటపడింది. అదీ టమోటా ఆకునే తొలుస్తుంది, అయితే అది రెక్కల పురుగు. ఈగ గీత సన్నగా పాములా వంకర్లు పోతుంది. టూటా చేసేది గీత కాదు, వెడల్పాటి పొక్కు లాంటి మచ్చ. లోపల నల్లటి విసర్జన కుప్పగా ఉంటుంది. పురుగుకు గోధుమ రంగు తల, కాళ్ళు స్పష్టంగా కనబడతాయి. ఆకుతో ఆగకుండా కాయలోకి కూడా దూరుతుంది. ఈగ కాయ జోలికి పోదు. టమోటా కాయ మీద సూది బెజ్జాలు, ఆకు మీద పొక్కులు కలిసి కనబడితే ఈగ మందు కోసం వెతకకండి.

శెనక్కాయ చేలల్లో ఆకుముడత కూడా రెక్కల పురుగు పనే. మొదట ఆకు నడుమ చిన్న మచ్చగా తొలిచి, తరువాత రెండు మూడు ఆకులను పట్టుతో కలిపి అల్లుకొని లోపల తింటుంది. వాన ముఖం చాటేసిన ఏడు పులివెందుల చేలు కాలిపోయినట్టు కనబడేది దీనివల్లే. చీనీ పురుగుకూ దీనికీ పేరు ఒకటే వాడుతున్నాం గానీ జాతి వేరు, మందు వేళ కూడా వేరు.

చెట్ల మీద నిజంగా ఈగలు లేవా అని మీరు అడగవచ్చు. ఉన్నాయి. అయితే మన తోటల్లోని చెట్ల మీద అవి ఎక్కువగా గీతలు గీయవు, బొడిపెలు లేపుతాయి. మామిడి ఆకు మీద చిన్న చిన్న గుండ్రటి బొడిపెలు లేచి, ఎండాక ఆకుకు బెజ్జాలు పడటం చూసే ఉంటారు. అది దోమ లాంటి ఒక చిన్న ఈగ పిల్ల చేసే పని. అదే మామిడి ఆకు మీద బూడిద రంగు పొక్కు లేచి, గిల్లితే పైపొర కాగితంలా ఊడివస్తే, అది రెక్కల పురుగు. జీడిమామిడికీ ఆ పురుగే పడుతుంది. రోడ్ల పక్క కానుగ చెట్ల ఆకుల మీద నిలబడిన వేళ్ళ లాంటి బొడిపెలు మాత్రం కంటికి కనబడని నల్లి చేసేవి, వాటితో మనకు బాధ లేదు. జర్మనీలో హెరింగ్ అనే పండితుడు జీవితమంతా ఇలాంటి ఆకులే పోగుచేసి, 1951లో వాటి మీద పెద్ద పుస్తకం అచ్చువేశాడు. ఏ చెట్టు ఆకో తెలిస్తే, గీత రూపం, విసర్జన తీరు చూస్తే పురుగును చూడకుండానే దాని పేరు చాలావరకు చెప్పవచ్చని ఆయన పద్ధతి. ఆ పద్ధతి లింగాల చీనీ తోటలో కూడా చక్కగా పనిచేస్తుంది.

ఇంత చూడటం ఎందుకంటే, పొరబాటు మందు పురుగును పెంచుతుంది కాబట్టి. ఇది బెదిరించడానికి చెప్పే మాట కాదు. 1976లో అమెరికాలో ఓట్మన్, కెనడీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు టమోటా మళ్ళలో మెథోమిల్ మందు కొట్టి చూశారు. మందు కొట్టిన చోటే ఆకు తొలిచే ఈగ విపరీతంగా పెరిగింది. ఈగ పిల్ల ఆకు పొరల మధ్య దాక్కుని బతికిపోతుంది. దాన్ని వెతికి చంపే చిన్న చిన్న కందిరీగలు, మనం బదనికలు అనేవి, మందు తగిలి చస్తాయి. కాపలా పోయాక ఈగకు ఎదురు లేదు. మన టమోటా మళ్ళలోనూ పచ్చపురుగుకని, తెల్లదోమకని వారం వారం మందు కొట్టిన చోట్ల ఈ గీతలు ఎక్కువ కావడానికి ఇదే కారణం. ఇది నాకు బాధ కలిగించే విషయం. రైతు డబ్బు పెట్టి తన మిత్రులను చంపుకుంటున్నాడు.

చీనీ పురుగుకు కూడా ఇలాంటి బదనికలు ఉన్నాయి. ఫ్లోరిడా వాళ్ళు పురుగు వచ్చిన మరుసటి ఏడు, 1994లో, ఆస్ట్రేలియా నుంచి ఒక బదనికను తెప్పించి తోటల్లో వదిలారు. అది పురుగు గుడ్డులో గానీ, అప్పుడే పుట్టిన పిల్లలో గానీ ఒకే గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డే చీలి కొన్ని పిల్లలవుతుంది. వాళ్ళు దేశం దాటించి తెచ్చుకున్నారు. ఈ పురుగు పుట్టిన ఖండంలో ఉన్న మనకు బదనికలు తోటలోనే దొరుకుతాయి. వాటిని బతకనిస్తే చాలు.

వాటిని కళ్ళారా చూడాలంటే ఇంట్లో చేయగలిగిన పని ఉంది. అంచు ముడుచుకున్న చీనీ ఆకులు కొన్ని తెచ్చి వెడల్పాటి గాజు సీసాలో వేయండి. లోపల కాస్త తడిపిన కాగితం ముక్క పెట్టండి. మూతికి పలుచటి గుడ్డ కట్టి నీడలో ఉంచండి. టమోటా ఆకులైతే అడుగున పొడి ఇసుక పరవండి, పిల్లలు దిగి అందులో ప్యూపాలవుతాయి. వారం పది రోజులు రోజూ చూస్తూ ఉండండి. ఒక సీసాలో వెండి రంగు రెక్కల పురుగు వస్తుంది, ఇంకోదాంట్లో పసుపు నలుపు ఈగ వస్తుంది. కొన్నిసార్లు అవేవీ రాకుండా పచ్చలోహంలా మెరిసే బదనికలు వస్తాయి. అవి ఎక్కువగా వస్తే ఆ తోటకు ఆ విడత మందు అక్కర్లేదు. ఆకు మీదే చూడాలన్నా చూడవచ్చు. గీతలో పురుగు గోధుమ రంగుకు మారి ఎండిపోయి, దాని పక్కనే నల్లటి చిన్న ప్యూపా ఉంటే, బదనిక తన పని ముగించిందని అర్థం.

చీనీకి ఇక ఏం చేయాలి? ఈ పురుగు లేత ఆకు మీదే గుడ్డు పెడుతుంది. ఆకు ముదిరి గట్టిపడితే దానికి పనికిరాదు. అందుకని చెట్టంతా ఒకేసారి చిగురించి, ఒకేసారి ముదరడం మనకు మేలు. యూరియా ఎక్కువ వేసి, అడ్డదిడ్డంగా నీళ్ళు పెట్టి, ఏడాది పొడుగునా చిగురు వచ్చేలా చేస్తే పురుగుకు మేత ఆగదు. చిత్రావతి నీళ్ళు వచ్చాక పులివెందుల పక్క తోటలకు ఈ జాగ్రత్త ఇంకా అవసరం. కాండం మీద నిటారుగా లేచే నీటి కొమ్మలను ఎప్పటికప్పుడు తీసేయండి. కాపుకొచ్చిన పెద్ద చెట్టు కొన్ని ఆకులు పాడైనా తట్టుకుంటుంది, దానికి మందు కొట్టడం నా దృష్టిలో డబ్బు పారబోయడమే. నర్సరీ నారు, మూడు నాలుగేళ్ళ లోపు చెట్లు మాత్రం తట్టుకోలేవు. వాటికి చిగురు విచ్చుకునే మొదట్లోనే వేపనూనె గానీ, 5 శాతం వేపగింజల కషాయం గానీ ఆకు కిందివైపు తడిసేలా కొట్టి, అవసరమైతే వారం పది రోజులకు మళ్ళీ కొట్టాలి. ఆకు ముడుచుకున్నాక కొట్టే మందు లోపలి ప్యూపాకు తగలదు. ఇంకా గట్టి మందు కావాలనిపిస్తే ఊళ్ళో రైతు సేవా కేంద్రంలో అడిగి, లేబుల్ మీద చీనీ పేరు ఉన్నది మాత్రమే తీసుకోండి. నిమ్మ తోట ఉన్నవాళ్ళకు ఒక మాట అదనం. ఈ గీతల గాయాల గుండా వానల్లో గజ్జి తెగులు సులువుగా సోకుతుంది. అక్కడ పురుగును ఊరికే వదలకూడదు.

టమోటా, అలసంద మళ్ళలో గీతలు పడిన కింది ఆకులను తుంచి కాల్చేయండి. పసుపు రంగు జిగురు అట్టలు ఈగను పట్టుకుంటాయి. చీనీ రెక్కల పురుగు కోసం ఆ అట్టలు కట్టి లాభం లేదు. పంట తీశాక లోతుగా దున్నితే మట్టిలోని ఈగ ప్యూపాలు ఎండకు చస్తాయి. చీనీ చెట్టు కింద దున్ని ఈ పురుగును తగ్గించలేం, అది మట్టిలోకి దిగనే దిగదు.

ఎంత చూసినా తేల్చుకోలేకపోతే ఆకును ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ, రైల్వే కోడూరు దగ్గర అనంతరాజుపేట ఉద్యాన పరిశోధన కేంద్రానికి గానీ తీసుకుపోండి. పురుగు లోపల బతికి ఉన్న ఆకులు పది, ముడుచుకున్నవి పది కోయండి. పురుగు వెళ్ళిపోయి ఎండిన ఆకు ఒకటే పట్టుకుపోతే ఎవరైనా ఊహించే చెప్పాలి. పాలిథిన్ సంచిలో వేస్తే చెమటపట్టి కుళ్ళిపోతాయి కాబట్టి దినపత్రికలో పరిచి చుట్టండి. చుట్టిన కాగితం మీదే ఏ పంట, మొక్క వయసు ఎంత, ఆకు కోసిన తేదీ, గత నెలలో ఏయే మందులు కొట్టారు, ఇవి రాయండి. మందుల సంగతి దాచుకోకండి. కోసిన రోజే, ఎండ ముదరకముందే అందించండి.